పత్మాసులో మూడు రోజుల ఉపవాసం

ముసలివాళ్ళని చూసుకునే మా కేర్ హోములో ఏడాది లీవు మార్చి ఆఖరులోగా వాడుకోకపోతే అంతే సంగతులు, పోయినట్టే. వేసవి వారాలు పాతవాళ్ళు జనవరిలోనే రాసేసుకుంటారు, స్కూలు సెలవులు పిల్లలున్న మేనేజర్లకి పోతాయి, క్రిస్మస్‌కి ఎలాగూ ఎవరికీ ఇవ్వరు. అన్నీ పోగా మాకు మిగిలేది ఫిబ్రవరి. ఏటా ఆ వారం రోజులూ నేను లండన్‌లో మా ఈస్ట్ హామ్ ఫ్లాట్‌లో దుప్పట్లు ఉతుక్కుని, కిటికీ అంచుల్లో పట్టిన బూజు బ్లీచుతో తుడుచుకుని మళ్ళీ డ్యూటీకి పోయేదాన్ని. రెండువేల పద్నాలుగులో మాత్రం గ్రీసులో ఒక దీవికి వెళ్ళాను. వినడానికి గొప్పగానే ఉంటుంది. ఎవరితోనైనా అంటే "అబ్బో" అంటారు, నేను మాట మార్చేస్తాను.

నన్ను బయల్దేరదీసింది నా స్నేహితురాలు. వరంగల్ దగ్గరి పిల్ల, నాకంటే ఆరేళ్ళు చిన్న, మా హోములోనే సీనియర్ కేరర్. నేను నర్సుని, రేపల్లె వైపు దాన్ని. డ్యూటీలు ఒకే రోటాలో పడితే ఇద్దరం ఒకే బస్సులో పోయేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నాలు ఇల్ఫర్డ్‌లో ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకుని మావాళ్ళు జరిపే తెలుగు క్రైస్తవ కూడికలో పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. నాకు నోరెక్కువ, ఆమెకి ఓపికెక్కువ, అలా కుదిరింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. పంతొమ్మిదో ఏట షుగరు వచ్చింది. మాత్రలు మింగి తీపి మానేస్తే సర్దుకునే రకం కాదు, ఇన్సులిన్ పడకపోతే మనిషి నిలవని రకం. రోజుకి నాలుగు సూదులు. బస్సులో నాతో కబుర్లు చెబుతూనే చొక్కా అంచు ఎత్తి పొట్టలో పొడుచుకునేది, ఎదురుగా కూర్చున్నవాళ్ళు మొహం తిప్పుకునేవాళ్ళు.

మావాడికి ఆమె అంటే ప్రాణం. వాడికప్పుడు నాలుగేళ్ళు, ఒక్క మాట కూడా రాదు. అమ్మ అనడు, నీళ్ళు అనడు. ఏం కావాలన్నా నా మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికో తలుపు దగ్గరికో లాక్కెళ్ళేవాడు. గోళ్ళు తీయబోతే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు, ఆమె దగ్గర మాత్రం చెయ్యి చాపి బుద్ధిగా కూర్చునేవాడు. మా పేట డాక్టరు రాసిస్తే స్పీచ్ థెరపీ వెయిటింగ్ లిస్టులో ఏడాదిగా ఉన్నాం. వాడి నోటి నుంచి ఒక్క మాట కోసం నేను ఎంత కాచుకుని ఉన్నానో చెప్తే మీరు జాలిపడతారు, అది నాకిష్టం లేదు. పొద్దున్నే వాడు కళ్ళు తెరవగానే వాడి పెదాల వంక చూసేదాన్ని. అంతవరకే చెప్తాను.

మావాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పెద్ద విషయానికి ప్రార్థన పెట్టుకున్నప్పుడు ఒంటరిగా చెయ్యరు. నమ్మకమైన మనిషిని పట్టుకుని "నాతో ఏకీభవిస్తావా" అని అడుగుతారు. ఇద్దరు ఒకే మాట మీద నిలబడితే ఆ ప్రార్థనకి బలమని మా నమ్మకం. సరేనన్నవాళ్ళు మధ్యలో వెనక్కి తగ్గితే ప్రార్థన అక్కడికక్కడ విరిగిపోతుంది, అదొక భయం. సంగతేమిటో వాళ్ళంతట వాళ్ళు చెప్తే విన్నట్టు, చెప్పకపోతే గుచ్చిగుచ్చి అడక్కూడదు. జనవరిలో ఒక రోజు నేను మందుల ట్రాలీ దగ్గర నిలబడి చార్టు నింపుతుంటే ఆమె వచ్చి అడిగింది.

"మూడు రోజులు ఉపవాసం పెట్టుకుంటున్న అక్కా. నాతోని ఏకీభవిస్తవా?"

"ఆ, ఏకీభవిస్తాలే," అన్నాను, చార్టు మీంచి తల ఎత్తకుండా.

ఇలాంటి మాటలు మేము రోజూ అంటాం. బస్సెక్కేముందు అంటాం, ఫోను పెట్టేసేముందు అంటాం. ఉపవాసమంటే మా ఇళ్ళలో కొత్తా వింతా కాదు, షుగరున్నవాళ్ళు ఏదో ఒకటి సర్దుకుని చేస్తూనే ఉంటారు. ఈ పిల్ల పదేళ్ళుగా తన సూదులు తను చూసుకుంటోంది, నేను చెప్పేదేముంది అనుకున్నాను. అది ఎక్కడ చెయ్యబోతోందో కూడా ఆమే చెప్పింది. పత్మాసులో. పూర్వం ఒక అపొస్తలుణ్ణి, అంటే యేసు శిష్యుణ్ణి, చెరలో ఉంచిన దీవి. సండే స్కూలు నుంచీ వింటున్న పేరే, కానీ అదొక నిజమైన ఊరని, దానికి టికెట్టు దొరుకుతుందని నాకెప్పుడూ తట్టలేదు. తోడుగా నన్నూ రమ్మంది, ఫిబ్రవరి కాబట్టి టికెట్టు చవగ్గా దొరికింది. వీసాకి వేలిముద్రలిచ్చి, మావాణ్ణి వాళ్ళ నాన్నకి అప్పజెప్పి బయల్దేరాను. పెళ్ళయ్యాక నాకోసం నేను ఎక్కడికైనా వెళ్ళడం అదే మొదటిసారి. కొత్త బూట్లు కూడా కొనుక్కున్నాను, సిగ్గులేకుండా.

ఏథెన్స్ నుంచి ఓడలో ఎనిమిది గంటలు. మంగళవారం ఓడంతా కలిపి ముప్పై మంది లేరు, వాళ్ళలో సగం లారీ డ్రైవర్లు. ఈమె ఓడలోనే చివరి భోజనం చేసి, సూది వేసుకుని, ఆ ఇన్సులిన్ పెన్నుని చెత్తబుట్టలో పడేసింది. అయిపోయిన పెన్ను పడేసిందనుకున్నాను. అంతకంటే ఎక్కువ ఆలోచించలేదు.

దిగాక చూస్తే ఆ ఊరు మూతపడి ఉంది. రేవు పొడుగునా హోటళ్ళు, అన్నిటికీ ఇనుప షట్టర్లు. కుర్చీలు తలకిందులుగా పేర్చి తాళ్ళతో కట్టేశారు. ఒక కొట్టు అద్దంలో వేసవిలో పిల్లలు ఈదే గాలి మొసలి, గాలి పోయి చప్పగా పడి ఉంది. ఒక బేకరీ, ఒక మందుల షాపు, ఎక్కడ చూసినా పిల్లులు. మనుషులు కనిపించకపోయినా మమ్మల్ని ఎవరో చూస్తున్నట్టే ఉండేది, ఎందుకంటే సందు మలుపు తిరిగేసరికి ఏదో ఒక కిటికీ రెక్క మూసుకునేది. "దీవంతా మనదే అక్కా," అని ఈమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇన్ని తలుపులున్న చోట తట్టడానికి ఒక్కటీ లేకపోవడం నాకు నచ్చలేదు.

మా గది ఇంటావిడ నల్లబట్టల ముసలావిడ. ఇంగ్లిషు రాదు. పొద్దున్నే తలుపు దగ్గరికి వచ్చి సముద్రం వైపు చూపించి వేళ్ళు ఎత్తేది. బుధవారం ఆరు వేళ్ళు ఎత్తింది. ఆమె ఎత్తేది గాలి బలం లెక్క అని, ఎనిమిదికి చేరితే ఓడలు కదలవని బేకరీ అతను చెప్పాక తెలిసింది.

ఆ పొద్దున ఉపవాసం మొదలైంది. నీళ్ళు తప్ప ఏమీ లేదు. నేను ఏకీభవించింది ప్రార్థనకే గానీ పస్తుకి కాదని ముందే తేల్చిచెప్పేశాను. అపొస్తలుడు ఉన్నాడని చెప్పే గుహ కొండకి సగం ఎత్తులో ఉంది. దారిలో ఎర్ర శిలువ బోర్డు పెట్టిన చిన్న ఆరోగ్య కేంద్రం కనిపించింది. అలవాటు కొద్దీ దాని వేళలు చదివాను. గుహలో దీపాలు తప్ప వెలుతురు లేదు. రాతిలో ఒక గుంట, దాని చుట్టూ వెండి అంచు, ఆయన తల ఆనించుకున్న చోటట. ఈమె గంటసేపు మోకాళ్ళ మీద ఉండిపోయింది. కాపలా ఉన్న సన్యాసి రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. నాకు చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి, టీ దొరికితే బాగుండని తప్ప ఒక్క మంచి ఆలోచన రాలేదు. లేచేటప్పుడు ఆమె గోడ పట్టుకుంది. పెదాలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి.

గురువారం ఎనిమిది వేళ్ళు. రావలసిన ఓడ రాలేదు. షట్టర్లు రోజంతా దడదడలాడాయి, నీటి తుంపర రోడ్డు దాటి మా కిటికీ దాకా కొట్టింది. గదిలో ఈమె జగ్గు తర్వాత జగ్గు నీళ్ళు తాగుతోంది, అరగంటకోసారి బాత్రూముకి పోతోంది. నోటి నుంచి బాగా మగ్గిన పండు వాసన. హోములో ఏ పేషెంటు దగ్గరైనా ఆ వాసన వస్తే నేను పరుగు పెట్టేదాన్ని. ఇక్కడ మాత్రం, ఉపవాసం కదా, కడుపు ఖాళీగా ఉంటే ఆ వాసన ఎవరికైనా వస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాను. మధ్యాహ్నం ఏడోసారి జగ్గు నింపి తెచ్చి బల్ల మీద పెడుతుంటే ఆమె నీలం పౌచ్ నా చెయ్యి తగిలి కింద పడింది. ఇన్సులిన్ పెన్నులు పెట్టుకునే పౌచ్. చప్పుడే కాలేదు. తీసి చూస్తే లోపల ఒక చేతిరుమాలు ఉంది.

"పెన్నులేవే?"

"తేలే."

"మర్చిపోయావా?"

"మర్చిపోలే అక్కా. తెస్తే ఏసుకుంటనని భయమైంది. ఓడల ఏసుకున్నదే ఆఖరుది."

నాకు ఒళ్ళు మండింది. నోటికొచ్చినట్టు తిట్టాను. బుర్ర ఉందా అన్నాను, చదువుకున్నదానివేనా అన్నాను, నీ శవాన్ని ఈ దిక్కులేని రేవులోంచి ఎవరు మోసుకెళ్ళాలే అన్నాను. చెప్పులు తొడుక్కో, కొండ మీద ఆరోగ్య కేంద్రం ఉంది, ఇప్పుడే పోదాం పద అని చెయ్యి పట్టి లాగాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. మంచం పట్టె గట్టిగా పట్టుకుని, నేను అలిసిపోయేదాకా ఆగి మాట్లాడింది.

"రేపు పొద్దుమూకితే మూడు రోజులు నిండుతయ్. జవాబొస్తే అంతకంటె ముందే ఉపాసం ఇడుస్త. సూదులు ఇడిసిపెట్టి అడుగుతనని మొక్కుకున్న. ఉత్త పస్తు ఎవ్వలైనా ఉంటరు కదక్కా."

"ఎవరి కోసమే ఈ చావు?"

"మన బాబు కోసం. ఒక్క మాట రావాలె వానికి."

ఇక్కడ అబద్ధం రాస్తే ఇదంతా రాయడమే దండగ. నేను ఆమె చెయ్యి వదిలేశాను. పక్కనున్న కుర్చీలో కూర్చున్నాను. పన్నెండేళ్ళ సర్వీసున్న నర్సుని నేను. ఇన్సులిన్ లేకుండా దాదాపు రెండు రోజులు గడిచిన మనిషి ఒంట్లో ఏం జరుగుతూ ఉంటుందో నాకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. ఆరోగ్య కేంద్రం పదిహేను నిమిషాల దూరంలో ఉందని తెలుసు. ఇంటావిడని పిలిస్తే సాయం వస్తుందని తెలుసు. అయినా లేవలేదు. అడిగేది నా బిడ్డ కోసం. నేను ఏకీభవించాను. నేను లేస్తే విరిగేది వాడి మాట. రేపు సాయంత్రం దాకానే కదా అని ఒక గొంతు నాలో అంది, ఆ గొంతు నాదే.

తర్వాత చేసినవన్నీ దాన్ని కప్పిపెట్టుకోవడానికి చేసినవే. నీళ్ళలో ఉప్పు కలిపి ఇచ్చాను. నాడి చూశాను, పేరు అడిగాను, ఇవాళ ఏ వారమో అడిగాను, సరిగ్గానే చెప్పింది. సరిగ్గా చెబుతోంది కాబట్టి పర్లేదు అనుకున్నాను. చీకటి పడేముందు ఇంటావిడ సూప్ తెచ్చింది. ఈమెని చూసి, నన్ను చూసి ఏదో అడిగింది. నేను చేతులు జోడించి ప్రార్థన అని చూపించాను. ఆ ముసలావిడ నా చేతుల వంక కాసేపు చూసి, సూప్ గిన్నె వెనక్కి తీసుకెళ్ళకుండా గుమ్మంలోనే పెట్టి వెళ్ళిపోయింది.

శుక్రవారం తెల్లారేసరికి ఆమె వాంతులు చేసుకుంటోంది. ఊపిరి మారిపోయింది. పరుగు ఆపలేని మనిషి తీసినట్టు లోతుగా, ఆగకుండా తీస్తోంది. "అక్కా" అని పిలిచి, ఆ తర్వాత ఏం చెప్పాలో మర్చిపోయింది. అప్పుడు లేచాను. ఇంటావిడ తలుపు బాదాను. ఆమె నన్నేమీ అడగలేదు, తన చిన్న వ్యాను తీసింది, ఇద్దరం కలిసి ఈమెని వెనక కూర్చోబెట్టాం. ఆ గాలికి వ్యాను రోడ్డు మీద పక్కకి జరిగిపోతోంది. దారంతా నేను మావాడి కోసం కాదు, ఈమె కోసం ప్రార్థన చెయ్యాలని ప్రయత్నించాను. మాటలు రాలేదు.

ఆరోగ్య కేంద్రంలో ఉన్నది ఒక్క డాక్టరమ్మ, పాతికేళ్ళు దాటి ఉండవు. ఇంగ్లిషు బాగానే మాట్లాడింది. వేలిలో రక్తం చుక్క తీసి మీటరు చూసి, మళ్ళీ తీసి చూసింది. ఎప్పట్నుంచి ఇన్సులిన్ లేదని అడిగింది. మంగళవారం రాత్రి నుంచి అన్నాను. మీకెప్పుడు తెలిసిందని అడిగింది. నిన్న అన్నాను. మీరేం పని చేస్తారని అడిగింది. అదీ చెప్పాను. ఆమె రాసుకోవడం ఆపి ఒక క్షణం నా మొహంలోకి చూసింది, తర్వాత సెలైన్ ఎక్కించే పనిలో పడిపోయింది.

సెలైన్‌కి ఈమె ఒప్పుకుంది, అది నీళ్ళే కాబట్టి. ఇన్సులిన్ అనేసరికి చెయ్యి గుండెలకి హత్తుకుంది. తెలివి పూర్తిగా పోలేదు. "సాయంత్రం దాక వద్దు," అని ఇంగ్లిషులో రెండుసార్లు స్పష్టంగా అంది. తెలివిలో ఉండి వద్దంటున్న మనిషికి బలవంతాన వెయ్యకూడదని నాకూ తెలుసు, డాక్టరమ్మకీ తెలుసు. నన్ను బయటికి తీసుకెళ్ళింది. గాలి తగ్గేదాకా హెలికాప్టరు రాదు, పెద్ద ఆస్పత్రి వేరే దీవిలో ఉంది. "సాయంత్రానికి ఆమె వద్దనే స్థితిలో ఉండదు, అప్పుడు వేసినా గుండె తట్టుకుంటుందో లేదో నేను చెప్పలేను," అంది. "మీ మాట వింటుందేమో మాట్లాడండి."

వరండాలో నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. మా ఆయన అప్పుడే లేచినట్టున్నాడు.

"బాబు ఏం చేస్తున్నాడు?"

"బొమ్మ రైలు తిరగేసి చక్రాలు తిప్పుకుంటున్నాడు. ఏం, అలా ఉంది గొంతు?"

"ఏమైనా అన్నాడా?"

"ఏమంటాడే," అన్నాడు ఆయన.

నేను లోపలికి వెళ్ళి ఆమె చెవి దగ్గర వంగాను. "ఇంటికి ఫోన్ చేశాను. మాట్లాడాడే. అమ్మ అన్నాడు," అన్నాను. నాలుగేళ్ళుగా ఆ వాక్యం లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను కదా, తడుముకోకుండా వచ్చేసింది. ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. అంత సంతోషం నేను ఇంకే మనిషి మొహంలోనూ చూడలేదు. ఏడవడానికి ఒంట్లో నీళ్ళు లేక మొహం మాత్రం ఏడ్చింది. తర్వాత తనే చెయ్యి చాపింది, డాక్టరమ్మ సూది వేసింది.

బతికింది. రెండు రోజులు అక్కడ, గాలి తగ్గాక నాలుగు రోజులు పెద్ద ఆస్పత్రిలో. నిజం చెప్పెయ్యాలని రోజూ అనుకున్నాను. కాస్త కోలుకోనీ అనుకున్నాను, విమానం ఎక్కనీ అనుకున్నాను, లండన్ చేరనీ అనుకున్నాను. చేరిన మొదటి ఆదివారమే ఆమె కూడికలో లేచి సాక్ష్యం చెప్పింది. మావాళ్ళలో ప్రార్థనకి జవాబొస్తే నలుగురి ముందు నిలబడి చెప్పాలి. మూడు రోజులు ఇన్సులిన్ లేకుండా దేవుడు నిలబెట్టాడని, మాటలు రాని బిడ్డ నోరు తెరిచాడని చెప్పింది. హాలంతా స్తోత్రం అంది. పాస్టరు గారు ఆ తర్వాత ఆమెని పక్కకి పిలిచి, మందులు మానమని దేవుడెక్కడా చెప్పలేదమ్మా, ఇంకెప్పుడూ ఇలా చెయ్యకు అని గట్టిగానే మందలించారు. ఆమె తల ఊపింది. నేను వెనక వరసలో ఉన్నాను. మావాడికి జ్వరమని ఇంట్లో వదిలి వచ్చాను, జ్వరమేమీ లేదు.

ఆ తర్వాత అన్నీ జ్వరాలే. ఆమె ఫోన్ చేసి వాడికివ్వమంటే నిద్రపోతున్నాడనేదాన్ని. ఇంటికొస్తానంటే నేను డ్యూటీలో ఉన్నాననేదాన్ని. ఆ ఒక్క మాటే అన్నాడు, మళ్ళీ అనలేదని ఒకసారి, సిగ్గుపడుతున్నాడని ఇంకోసారి. వాడు మాత్రం గోళ్ళు పెరిగినప్పుడల్లా తలుపు వైపు చూసేవాడు. మా ఆయనకి ఎయిర్‌పోర్టు కార్గోలో పని దొరికితే, నేనే పట్టుబట్టి ఆ వేసవిలో హేస్‌కి ఇల్లు మార్పించాను, నేనూ అక్కడే వేరే హోములో చేరాను. లండన్‌కి ఆ చివర నుంచి ఈ చివరకి. దూరం ఎక్కువ కదా అని అందరికీ చెప్పుకోవచ్చు. ఆమెకి అనుమానం రాలేదు, బాధ మాత్రం కలిగింది. "నేనేమన్న తప్పు చేసిన్నా అక్కా?" అని ఒకసారి మెసేజ్ పెట్టింది. దానికి నేను జవాబివ్వలేదు.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలోనే ఫోన్ చేసింది. కూడికలో కొత్తగా చేరిన కుటుంబం ఉందట, వాళ్ళ పాపకి ఆరేళ్ళొచ్చినా నడక రాలేదట, ఉపవాసం పెట్టుకుంటున్నానంది.

"సూదులు మానొద్దు. నా మీద ఒట్టు వెయ్యి."

"ఏం గాదక్కా, నువ్వు ఊకె భయపడకు. మన బాబుకి గాలేదా?"

ఆ క్షణంలో నేను చెప్పాల్సింది నాలుగు ముక్కలు. వాడు మాట్లాడలేదు, నేను అబద్ధమాడాను. నాలుక చివరిదాకా వచ్చింది. పక్కగదిలో వాడు చక్రాలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. చెప్తే ఆమె నా మొహం చూడదని భయం. చెప్తే, ఆ గురువారం నేను కుర్చీలో ఎందుకు కూర్చున్నానో కూడా చెప్పాల్సొస్తుందని ఇంకా పెద్ద భయం. "జాగ్రత్తే," అని మాత్రం అన్నాను. ఫోన్ పెట్టేసింది.

నాలుగు రోజుల తర్వాత కూడికలో పాడే ఒక ఆంటీ ఫోన్ చేశారు. ఇల్ఫర్డ్‌లో ఆమె అద్దెకున్న గదిలో, మోకాళ్ళ మీదే మంచానికి ఆనుకుని ఉందట. ఇన్సులిన్ పెన్నుల పెట్టె ఫ్రిజ్‌లో సీలు కూడా తీయకుండా ఉందట.

ఆమె శరీరాన్ని ఊరికి పంపే ముందు ఆ స్కూలు హాలులోనే జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. మావాణ్ణి ఎవరి దగ్గరైనా వదిలి వెళ్ళొచ్చు. కావాలనే తీసుకెళ్ళాను. వాడికి చప్పుళ్ళు పడవు, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నా మణికట్టు పట్టుకుని నడిచాడు. మేం లోపలికి రాగానే హాలంతా మావైపు తిరిగింది. ముందు వరసలో చక్రాల కుర్చీలో పాప, పక్కన వాళ్ళమ్మ. కడప వైపు మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. లేచి మా దగ్గరికి వచ్చింది.

"మీ బాబేనా అక్కా? మీ బాబు గురించి చెప్పే మాకు ధైర్యమిచ్చింది ఆయమ్మ," అంది. మావాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని హెడ్‌ఫోను ఒక పక్కకి మెల్లగా జరిపింది. "ఆంటీ నీ కోసం ప్రార్థన చేసింది కదా నాన్నా. ఆంటీని తలుచుకుని ఒక్క మాట చెప్పు."

పాడుతున్నవాళ్ళు కూడా ఆపేశారు. వాడు పైకప్పుకున్న ట్యూబులైట్లని చూస్తున్నాడు. ఆమె ఎదురుచూస్తోంది, అందరూ ఎదురుచూస్తున్నారు.

"వాడికి మాటలు రావమ్మా," అన్నాను. "ఎప్పుడూ రాలేదు. నేనే అబద్ధం చెప్పాను."

ఆమె లేవలేదు. నేను చెప్పింది నమ్మడానికి ఆమెకి కొంచెంసేపు పట్టింది. వెనక్కి తిరిగి తన పాపని చూసుకుంది, మళ్ళీ నన్ను చూసింది.

"ఉపవాసం రెండో రోజు నేను పోయినాను ఆయమ్మ గదికి," అంది. "పెన్నులు వేసుకోలేదని నాకు చెప్పింది. నీళ్ళు తాగుతా ఉండె. చూసినాను అక్కా. చూసి కూడా ఎందుకు వచ్చేసినాను నేను?"

ఎందుకు వచ్చేసిందో నాకు తెలుసు. ఆమెకీ తెలుసు. చెయ్యి పట్టి లేపాను. పాప పక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉంటే ఇద్దరం వెళ్ళి కూర్చున్నాం, మావాడు నేల మీద కూర్చుని పాప కుర్చీ చక్రం తిప్పుకున్నాడు, కూడిక అయ్యేదాకా.